చెక్కా, దాణానా, పచ్చిమేతా: మన బర్రెకి ప్రోటీన్ దేని రూపంలో పెట్టాలి?

ఒంగోలు నుంచి గూడూరు దాకా ఏ దాణా కొట్టు ముందు నిలబడినా వినపడే మాట ఒకటే: "ఇందులో ప్రోటీన్ ఎంత?" కొట్టతను మూట మీది అంకె చూపిస్తాడు, రైతు తల ఊపుతాడు, మూట బండెక్కుతుంది. అడగాల్సిన మాటే. కాకపోతే అది రెండో మాట. ఇంట్లో వాములో ఉన్నది ఏ గడ్డి, కొట్టంలో ఉన్నది ఎన్ని లీటర్ల పశువు అనేది మొదటి మాట. అవి తేలకుండా 22 శాతం ప్రోటీన్ దాణా మంచిదా, గింజల నూనె తీశాక మిగిలే 42 శాతం చెక్క మంచిదా అని రచ్చబండ దగ్గర ఎంత వాదించుకున్నా తెగదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వరిగడ్డి మీద బతికే పశువుకి ముందు గడ్డి బాగుచెయ్యాలి, ఆ తర్వాత పప్పుజాతి పచ్చిమేత చూసుకోవాలి, అప్పటికీ చాలని వాటా మాత్రమే చెక్క రూపంలో కొనాలి. ఎక్కువమంది దీన్ని కింది నుంచి పైకి చేస్తారు. అందుకే చెక్క డబ్బులు కొంత మూత్రం కాలవలో పోతున్నాయి.

మూట మీది అంకె సంగతి

ల్యాబులో మామూలుగా ప్రోటీన్‌ని నేరుగా కొలవరు. మేతలో నత్రజని ఎంత ఉందో చూసి, దాన్ని 6.25తో హెచ్చవేస్తారు. వచ్చిన అంకెనే ముడి ప్రోటీన్ అంటారు. ఇప్పుడు యూరియా తీసుకోండి. అందులో నత్రజని 46 శాతం. 6.25తో హెచ్చవేస్తే 287 శాతం "ప్రోటీన్" వస్తుంది. యూరియాలో అసలు ప్రోటీన్ గ్రాము కూడా లేదు. దాణాలో ఒక శాతం యూరియా కలిస్తే చాలు, కాగితం మీద దాదాపు 3 శాతం ప్రోటీన్ పెరిగినట్టు కనపడుతుంది.

ఇది మోసమని తీసిపారెయ్యక్కర్లేదు. మిశ్రమ దాణాకి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పెట్టిన ప్రమాణం ఐఎస్ 2052 ప్రకారం టైప్-1 దాణాలో ముడి ప్రోటీన్ కనీసం 22 శాతం, టైప్-2లో 20 శాతం ఉండాలి, యూరియా ఒక శాతం మించకూడదు. అంతవరకు పెద్ద పశువుకి పరవాలేదు, దాని పొట్టలోని సూక్ష్మజీవులు వాడుకుంటాయి. నెలల దూడకి మాత్రం ఆ పొట్ట ఇంకా తయారై ఉండదు కాబట్టి పెద్దవాటి దాణా దానికి పెట్టకూడదు. అసలు చిక్కు విడిగా అమ్మే చెక్కతో, పొడి చెక్కలతో. వాటికి చీటీ ఉండదు, యూరియా కలిపారో లేదో చెప్పేవాళ్ళుండరు. మన రాష్ట్రంలో పశుదాణా తయారీ, నాణ్యత, అమ్మకాల మీద 2020లో చట్టం వచ్చింది. మూట మీద వివరాలు ఉన్నదే అడిగి తీసుకోవడం మన హక్కు.

పెద్ద పొట్టలో జరిగేది

పశువు తిన్న ప్రోటీన్ నేరుగా దానికి దక్కదు. ముందు పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు దాని మీద పడతాయి. చాలా భాగాన్ని విరగ్గొట్టి అమ్మోనియా చేస్తాయి. ఆ అమ్మోనియా తీసుకునే అవి పెరుగుతాయి. పెరిగినవి కిందికి జారి చిన్న పేగుల్లో అరిగిపోతాయి. పాడిపశువుకి చివరికి అందే ప్రోటీన్‌లో సగానికి పైగా ఈ సూక్ష్మజీవుల ఒంటిదే.

అమ్మోనియాని పట్టుకోవాలంటే ఆ పూటే వాటికి శక్తి కావాలి. తవుడో, నూకలో, మొక్కజొన్న పిండో, జొన్నో, లేత పచ్చిమేతో అందాలి. అది లేకుండా ఒట్టి చెక్క నీళ్ళు తాగిస్తే అమ్మోనియా రక్తంలో కలుస్తుంది, కాలేయం దాన్ని యూరియాగా మారుస్తుంది. ఆ యూరియాలో కొంత లాలాజలం ద్వారా మళ్ళీ పొట్టకి చేరుతుంది, కొంచెం పాలలోకి పోతుంది, చాలావరకు మూత్రంలో బయటికి వస్తుంది. ఇలా మార్చే పనికి కూడా పశువు తన ఒంట్లో శక్తినే ఖర్చు పెట్టాలి. బాగా మేపిన పశువు కూడా తిన్న నత్రజనిలో పాలలోకి పంపేది సుమారు నాలుగో వంతు. మిగతాది పేడ, మూత్రం. కాబట్టి ఎక్కువ పెడితే ఎక్కువ పాలు అనే లెక్క ఒక గీత దాకే పనిచేస్తుంది.

అటు తక్కువైనా గొడవే. మొత్తం మేతలో ముడి ప్రోటీన్ 7 శాతం కన్నా దిగితే సూక్ష్మజీవులే పస్తులుంటాయి. గడ్డి అరగదు, అరగని గడ్డి పొట్టలో నిండుగా కూర్చుంటుంది, పశువు ఇంక మూతి పెట్టదు. వరిగడ్డిలో ఉన్నది 3, 4 శాతమే. మన బర్రెలు, ఒంగోలు జాతి పశువులు లాలాజలంలో వచ్చే యూరియాని మళ్ళీ వాడుకోవడంలో గట్టివి కాబట్టి ఒట్టి గడ్డి మీదా ప్రాణం నిలుపుకుంటాయి. ప్రాణం నిలుపుకోవడం వేరు, పాలివ్వడం వేరు.

ఒక బర్రె లెక్క

450 కిలోల గ్రేడెడ్ ముర్రా బర్రె, రోజుకి 8 లీటర్లు ఇస్తోందనుకుందాం. అది నీరు తీసేస్తే సుమారు 12 కిలోల మేత తింటుంది. ఆ పాలకి మొత్తం మేతలో 12 శాతం దగ్గరగా ప్రోటీన్ ఉండాలి, అంటే 1,400 గ్రాములు పైన.

6 కిలోల వరిగడ్డి వేస్తే అందులోంచి వచ్చేది 190 గ్రాములు. 15 కిలోల నేపియర్ పచ్చిగడ్డి వేస్తే, నీరు పోగా మిగిలే మూడు కిలోల్లోంచి ఇంకో 270. ఇక్కడొక మాట. సూపర్ నేపియర్‌లో 16, 18 శాతం ప్రోటీన్ అని పిలకలు అమ్మేవాళ్ళు చెప్తారు. లేతగా, ఎరువు దండిగా వేసి కోస్తే ఎక్కువే రావచ్చు. మన పొలాల్లో మనిషెత్తు దాటాక కోసేదాంట్లో 8, 9 శాతం అనుకుని లెక్క వేసుకుంటేనే దెబ్బతినం.

ఈ రెండూ కలిసి 460. దానికి 20 శాతం దాణా 4 కిలోలు పెడితే 800 గ్రాములు చేరి 1,260 అవుతుంది. ఇంకా 200 గ్రాముల దాకా లోటు. మనం ఎంపిక చేసుకోవాల్సింది ఈ 200 గ్రాముల గురించే. అరకిలో వేరుశనగ చెక్క పెట్టినా పూడుతుంది, ఆరు కిలోల అలసంద మేత వేసినా పూడుతుంది, గడ్డిని యూరియాతో మాగబెట్టినా కాగితం మీద పూడుతుంది. మూడింటికీ ఖర్చు, శ్రమ, అపాయం వేరువేరు.

వేరుశనగ చెక్క, పత్తి చెక్క

మన దగ్గర ఎక్కువగా తేల్చుకోవాల్సింది ఈ రెండింటి మధ్యే. ముందు డబ్బు లెక్క. మూట ధర చూడొద్దు, కిలో ప్రోటీన్ ధర చూడండి. ఉదాహరణకి వేరుశనగ చెక్క కిలో 48 రూపాయలు, ప్రోటీన్ 42 శాతం అనుకుంటే కిలో ప్రోటీన్ 114 పడుతుంది. తొక్కుతో ఆడిన పత్తి చెక్క 40 రూపాయలు, ప్రోటీన్ 22 శాతం అయితే 182. దాణా 30 రూపాయలు, 20 శాతం అయితే 150. ఇవి లెక్క చూపడానికి వేసిన ధరలు, మీ ఊరి రేటు మీరు వేసుకోండి. పద్ధతి మాత్రం ఇదే: ధరని శాతంతో భాగించి వందతో హెచ్చించాలి. చవకగా కనపడే పత్తి చెక్క ఈ లెక్కలో ఖరీదై కూర్చోవడం తరచుగా జరుగుతుంది. తొక్కు తీసి ఆడిన పత్తి చెక్క అయితే 36 శాతం పైన ఉంటుంది, అప్పుడు లెక్క మారుతుంది. ఏది కొంటున్నారో అడగండి.

అయితే పత్తి చెక్కకి వేరే గుణం ఉంది. వేరుశనగ చెక్కలోని ప్రోటీన్ పెద్ద పొట్టలో త్వరగా, ఎక్కువ భాగం విరిగిపోతుంది. గడ్డి అరగడానికి కావాల్సిన అమ్మోనియా దాంతో బాగా దొరుకుతుంది. పత్తి చెక్కలోది నెమ్మదిగా విరుగుతుంది, కొంత భాగం చెక్కుచెదరకుండా పేగుల్లోకి దాటుతుంది. నూనె కూడా మిగిలి ఉంటుంది. అందుకే పత్తి చెక్క పెట్టినవాళ్ళు వెన్న శాతం నిలిచిందంటారు, ఆ మాటలో నిజముంది. పాలకేంద్రంలో ఫ్యాట్ మీదే డబ్బులు కట్టే చోట బర్రెల వాళ్ళు దాన్ని వదలకపోవడానికి కారణం అదే.

నా లెక్క ఇది. ఒట్టి వరిగడ్డి, ఐదారు లీటర్ల పాలు ఉన్న ఇంట్లో వేరుశనగ చెక్క కొంచెం, తవుడు కొంచెం. ఎనిమిది, పది లీటర్లు దాటితే రెండు చెక్కలూ సగం సగం. దూడలకి పత్తి చెక్క వద్దు. అందులో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది. పెద్ద పశువు పొట్ట దాన్ని చాలావరకు అదుపు చేస్తుంది, చిన్న దూడది చెయ్యలేదు.

వేరుశనగ చెక్కకి ఉన్న శత్రువు బూజు. మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలవి. వాయుగుండం పట్టి నాలుగు రోజులు ముసురేస్తే గోడకి ఆనించి పెట్టిన చెక్క మూట చెమ్మగిల్లుతుంది. చెక్క ముక్క విరిచి చూడండి. మంచిది చిటుక్కున విరిగి, లోపల ఒకే రంగు ఉండి, నూనె వాసన కమ్మగా వస్తుంది. చెడ్డది వంగుతుంది, లేదా పిండిలా రాలుతుంది. విరిచినచోట పచ్చటి, నల్లటి నూగు కనపడుతుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే మూసేసిన పాత గదిలో వచ్చే వాసన. ఆ బూజు వదిలే అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది, రూపం మార్చుకుని పాలలోకీ వస్తుంది. పాలలో దీనికి ఆహార భద్రతా సంస్థ పెట్టిన హద్దు కిలోకి 0.5 మైక్రోగ్రాములు. ఉడకబెడితే పోదు, ఎండలో పెడితే నూగు రాలుతుందే గాని విషం పోదు. బూజు చెక్కని "బర్రెకేగా" అని కుడితిలో కలిపితే ఆ పాలు మన పిల్లలే తాగాలి. వానాకాలానికి సరిపడా ఒకేసారి కొనిపెట్టుకునే అలవాటు చెక్క విషయంలో మానుకోవాలి. కొన్న మూటని బల్ల మీద, గోడకి ఎడంగా పెట్టుకోవాలి.

ఇంకో అలవాటు, చెక్కని రాత్రంతా నానబెట్టడం. గంటో రెండు గంటలో నానితే చాలు. ఎండాకాలం రాత్రంతా గోలెంలో ఉంచితే పులుస్తుంది. పులిసిన కుడితిని పశువు ఇష్టంగా తాగినా, ఆ చెక్క అంతకన్నా బలమేమీ ఇవ్వదు.

కొన్న మిశ్రమ దాణా

దీని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. మంచి దాణాలో ప్రోటీన్‌తో పాటు శక్తి, ఖనిజ లవణాలు, ఉప్పు ఉంటాయి. ఇంట్లో మనిషి చాలక, నాలుగైదు దినుసులు తెచ్చి కలుపుకోలేని వాళ్ళకి ఇదే మేలు. పాత కొలత ఇప్పటికీ పనికొస్తుంది: పశువు ఒంటికి కిలో, కిలోన్నర, ఆపైన ఆవుకి ప్రతి రెండున్నర లీటర్లకి కిలో, బర్రెకి ప్రతి రెండు లీటర్లకి కిలో. పచ్చిమేత బాగా దొరికే రోజుల్లో ఇందులో తగ్గించుకోవచ్చు. పైన మన 8 లీటర్ల బర్రెకి 4 కిలోలతో సరిపెట్టింది 15 కిలోల పచ్చిగడ్డి ఉందనే.

పప్పుజాతి మేత

నెల్లూరు డెల్టాలో వరి తర్వాత, ఒంగోలు చుట్టుపక్కల శనగ పక్కన, ఉదయగిరి, కనిగిరి మెట్టల్లో కంది గట్ల వెంట, ఎక్కడ చూసినా పప్పుజాతి పంటకి తావుంది. మేతకని వేసేవాళ్ళే తక్కువ.

మన తాతలు వాడిన పిల్లిపెసర ఇందులో నాకు ఇష్టమైనది. వరి కోతకి ముందు తడి ఉన్న చేలో చల్లేస్తే, కోత అయ్యేసరికి మొలిచి ఉంటుంది. దుక్కి లేదు, పెద్దగా నీళ్ళు లేవు. లేతగా ఉన్నప్పుడు మేపితే, నీరు తీసేసిన పొడి లెక్కలో 16 శాతం పైన ప్రోటీన్. మీదుమిక్కిలి వేళ్ళ బుడిపెల్లో నత్రజనిని భూమికి పెట్టిపోతుంది. యంత్రాలతో వరి కోసి, గడ్డి చుట్టలు కట్టించి, వెంటనే దున్నేసే పద్ధతి వచ్చాక ఇది చాలా ఊళ్ళలో పోయింది. తిరిగి తెచ్చుకోవడానికి పెద్ద ఖర్చేం లేదు.

బోరు ఉన్నవాళ్ళకి దశరథ గడ్డి, లేదా అలసంద. దశరథ గడ్డి ఒకసారి వేస్తే ఏళ్ళ తరబడి కోసుకోవచ్చు. మొదటి కోతకి కొంచెం ఓపిక పట్టాలి. పావెకరం ఉన్నా నేపియర్‌తో కలిపి కోసి వేస్తే రెండు మూడు బర్రెల చెక్క ఖర్చు బాగా దిగుతుంది. గట్ల మీద అవిశ నాటుకుంటే దాని ఆకు కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

ప్రకాశం జిల్లాలో పేపరు మిల్లుల కోసం వేసిన సుబాబుల్ తోటలు కళ్ళ ముందే ఉన్నాయి. కర్ర అమ్ముకుంటాం, ఆకు నేల మీద ఎండిపోతుంది. ఆ ఆకులో పొడి లెక్కన 20 శాతం పైన ప్రోటీన్ ఉంది. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. మైమోసిన్ అనే పదార్థం వల్ల అదే పనిగా మేపితే వెంట్రుకలు రాలతాయి, థైరాయిడ్ దెబ్బతింటుంది. పచ్చిమేతలో మూడో వంతు మించకుండా, మిగతాది గడ్డిజాతి మేత కలిపి వెయ్యాలి. చూడి పశువులకి ఇంకా తగ్గించాలి.

వేరుశనగ పీకిన ఇళ్ళలో కట్టె ఉంటుంది. ఆకు రాలకుండా ఎండబెట్టుకున్న కట్టెలో 10 శాతం పైన ప్రోటీన్, అంటే వరిగడ్డికి మూడింతలు. దాన్ని అమ్మేసి చెక్క కొనడం నాకు ఎప్పుడూ అర్థం కాని బేరం. శనగ కళ్ళంలో మిగిలే గుల్లకీ, మిల్లులో పప్పు ఆడేటప్పుడు వచ్చే నూకా పొట్టూ కలిసిన చున్నీకీ తేడా తెలుసుకోండి. మొదటిది గడ్డి కన్నా కాస్త మేలు, రెండోది దాణా దినుసు.

పొద్దున్నే మంచు మీద కోసిన పప్పుజాతి మేత ఖాళీ కడుపుకి వేస్తే పొట్ట ఉబ్బుతుంది. ముందు కాస్త వరిగడ్డి వేసి, మేత వాడాక కలిపి వెయ్యాలి.

అజొల్లా

తొట్లలో నీటి మీద పెంచే అజొల్లా అనే చిన్న మొక్కలో ప్రోటీన్ 20, 25 శాతం అనేది నిజమే. నీరంతా తీసేశాక ఆ శాతం. పచ్చి అజొల్లాలో 93, 94 పాళ్ళు నీరే. రెండు కిలోలు చేటలోకి ఎత్తితే అందులో పొడి పదార్థం 130 గ్రాములు, ప్రోటీన్ 30 గ్రాములు. గుప్పెడు చెక్కతో సమానం. కోళ్ళకి, దూడలకి సరదాగా పెంచుకోవచ్చు. నాలుగు బర్రెల పాడిని అజొల్లా తొట్లు నమ్ముకుని నడపాలనుకుంటే తొట్లు కడగడంతోనే పొద్దు గడిచిపోతుంది.

గడ్డిని యూరియాతో మాగబెట్టడం

చవకలో దీన్ని మించింది లేదు. అయినా మన దగ్గర చేసేవాళ్ళు తక్కువ, భయం ఒక కారణం, బద్ధకం ఇంకో కారణం. వంద కిలోల ఎండు గడ్డికి నాలుగు కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్ళు. యూరియా పూర్తిగా కరిగించి, గడ్డిని పొరలు పొరలుగా పరుస్తూ, పూలమొక్కలకి పోసే చిల్లుల డబ్బాతో అంతటా సమానంగా చల్లాలి. ప్రతి పొరనీ గట్టిగా తొక్కాలి. యంత్రం కట్టిన చుట్టలైతే విప్పి పరవాల్సిందే, చుట్ట మీద పోస్తే లోపలికి దిగదు. పైన పాలిథిన్ పట్టా కప్పి, అంచులు మట్టితో మూసేసి మూడు వారాలు కదపకూడదు.

పట్టా ఎత్తగానే ఘాటు కళ్ళలో కొడుతుంది, పక్కకి తిరిగి నిలబడాలి. పాలిపోయిన గడ్డి ముదురు తేనె రంగుకి తిరిగి ఉంటుంది, పట్టుకుంటే మెత్తగా, కాస్త వెచ్చగా ఉంటుంది. ఆ పూటకి కావాల్సినంత తీసి, గంటకి పైగా గాలికి ఆరబెట్టి వెయ్యాలి. మొదటిరోజు పశువు వాసన చూసి మూతి తిప్పుకుంటుంది. మామూలు గడ్డిలో గుప్పెడు గుప్పెడు కలుపుతూ పోతే వారంలో అలవాటు పడుతుంది.

ఇందులో ముడి ప్రోటీన్ 7, 8 శాతానికి చేరుతుంది. కానీ నేను దీన్ని మెచ్చుకునేది ఆ అంకె చూసి కాదు. గడ్డి మెత్తబడి బాగా అరుగుతుంది, పశువు ఎక్కువ తింటుంది. అసలు లాభం అక్కడుంది. వచ్చిన నత్రజని అంతా అమ్మోనియా రూపంలోదే కనక, కిలో రెండు కిలోల తవుడో మొక్కజొన్న పిండో పక్కన లేకపోతే అదీ మూత్రంలోకే పోతుంది.

ఆరు నెలల లోపు దూడలకి పెట్టకూడదు. యూరియా నీళ్ళు రోజూ గడ్డి మీద చల్లి అప్పటికప్పుడు వెయ్యడం, కుడితిలో ఉజ్జాయింపుగా కలపడం ఎప్పుడూ చెయ్యకూడదు. యూరియా కలిపిన బక్కెట్టు పశువుకి అందేచోట ఉంచకూడదు. ఎక్కువ తాగిన పశువు అరగంట నుంచి గంట లోపే వణుకుతుంది, నోట్లో నురగ వస్తుంది, పొట్ట ఉబ్బుతుంది, ఎగశ్వాస పడుతుంది. ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా పశువుల డాక్టరుకో, పశువుల అంబులెన్సు నంబరు 1962కో ఫోన్ చెయ్యాలి.

మాగబెట్టడానికి మంచి కాలం మార్చి, ఏప్రిల్ కోతల తర్వాత. గడ్డి పొడిగా ఉంటుంది, ఎండకి బాగా మాగుతుంది. ముసురులో తడిసి నల్లబడిన గడ్డిని యూరియా బాగుచెయ్యదు.

బైపాస్ ప్రోటీన్ ఎవరికి

చెక్కలోని ప్రోటీన్‌ని కొలత ప్రకారం ఫార్మాల్డిహైడ్‌తో శుద్ధి చేసి పెద్ద పొట్టలో విరగకుండా చేస్తారు. అది పేగుల్లోకి దాటి అక్కడ అరుగుతుంది. రోజుకి పన్నెండు, పదిహేను లీటర్లిచ్చే సంకరజాతి ఆవుకి సూక్ష్మజీవుల ప్రోటీన్ ఒక్కటే చాలదు కాబట్టి దీనికి డబ్బు పెట్టొచ్చు. నాలుగు లీటర్ల బర్రెకి ఇది దండగ. పైగా ఒట్టి వరిగడ్డి మీద ఉన్న పశువుకి బైపాస్ ఒక్కటే పెడితే పెద్ద పొట్టలో అమ్మోనియా చాలక గడ్డే అరగదు. ఫార్మలిన్ తెచ్చి ఇంట్లో చెక్కకి పట్టించే ప్రయోగాలు వద్దు. కొలత తప్పితే ప్రోటీన్ పేగుల్లో కూడా అరగకుండా పేడలో పోతుంది, కలిపేవాడి కళ్ళూ ఊపిరితిత్తులూ పాడవుతాయి.

ఏ ఇంటికి ఏది

కోవూరు, బుచ్చి వైపు వరి కింద ఎకరాలున్న ఇల్లు, రెండు బర్రెలు, పూటకి మూడు లీటర్లు. మాగబెట్టిన గడ్డి, కోతల తర్వాత పిల్లిపెసర, రెండు కిలోల తవుడు, ఖనిజ మిశ్రమం. వేరుశనగ చెక్క అరకిలో చాలు.

దర్శి, పొదిలి మెట్టలో ఒంగోలు ఆవు, ఎద్దులు ఉన్న ఇల్లు. ఆవు పాలు దూడకి పోను మూడు నాలుగు లీటర్లు. జొన్నచొప్ప, కంది ఆకు, శనగ చున్నీ, మధ్యమధ్య ఉలవలు. ఈ జాతే బ్రెజిల్‌కి వెళ్ళి నెలోర్ పేరుతో అక్కడి పచ్చికబయళ్ళలో పెరుగుతోంది, పేద మేతని ఒంటికి పట్టించుకోవడం దాని సొత్తు. దానికి దాణా మూటలు కుమ్మరించక్కర్లేదు. బండలాగుడు పందేలకి మేపే ఎద్దుల సంగతి వేరు, ఆ ఖర్చుకి లెక్కలు అడగకూడదు!

ఒంగోలు, కావలి పట్టణాల అంచున స్థలం లేకుండా గడ్డి కొని ఆరేడు సంకరజాతి ఆవుల్ని మేపేవాళ్ళు. వీళ్ళకి మంచి దాణా, పత్తి చెక్క, పాలు ఎక్కువున్న వాటికి బైపాస్. ఎక్కువ పెట్టి డబ్బు పోగొట్టుకునేది కూడా ఎక్కువగా వీళ్ళే.

పెట్టింది సరిపోయిందా లేదా

పేడ చూడండి. గట్టిగా, గుండ్రంగా, పొడుగాటి గడ్డి పోచలతో పడుతుంటే ప్రోటీన్ చాలడం లేదు. పల్చగా జారిపోతూ, తెల్లారి కొట్టంలోకి అడుగు పెట్టగానే మూత్రం ఘాటు ముక్కుని మండిస్తుంటే ఎక్కువైంది, లేదా తోడు శక్తి చాలడం లేదు. అలాంటి ఆవులు ఎదకి వచ్చి, చూడి కట్టడానికి సూది వేయించినా మళ్ళీ మళ్ళీ తిరగబెట్టడం కూడా ఉంటుంది. దానికి వేరే కారణాలు చాలా ఉన్నా, మేత కూడా ఒకసారి లెక్క చూసుకోవాలి. పాలకేంద్రంలో ఎస్ఎన్ఎఫ్ (పాలలో వెన్న కాక మిగిలే ఘనపదార్థం) తగ్గిందని చీటీ వస్తే చాలామంది చెక్క పెంచుతారు. పాలలో ప్రోటీన్ తగ్గడానికి ఎక్కువసార్లు కారణం శక్తి లోటు. చెక్క అలాగే ఉంచి అరకిలో మొక్కజొన్న పిండి పెంచి చూడండి.

ఏది మార్చినా పది పన్నెండు రోజుల్లో మెల్లగా మార్చండి, పొట్టలోని సూక్ష్మజీవులకి అలవాటు పడే వ్యవధి కావాలి. ఒకేసారి రెండు దినుసులు మార్చకండి. పాలు చెంబు లెక్కన కాకుండా కొలిచి, రెండు పూటలూ గోడ మీది క్యాలెండర్లో రాసుకోండి. కొత్త మేత పూర్తిగా అలవాటయ్యాక రెండు వారాలు చూసినా పెరిగిన పాల ధర పెరిగిన ఖర్చుని దాటకపోతే ఆ అరకిలో చెక్క ఆపెయ్యండి.